కట్టినాయన

పోయినవాళ్ళ గురించి చెడ్డమాట అనకూడదంటారు. ఆయన దగ్గర ఎవరైనా ఆ మాట అంటే, "ఎందుకు? బతికినన్నాళ్ళూ మంచి అనిపించుకోలేకపోయినందుకు బహుమతా?" అని ఉండేవారు. అందుకని ఆయన గురించి ఆయన ఒప్పుకునేటట్టే చెబుతాను.

ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అమలాపురంలో ప్లాన్లు ప్రింటు తీసే షాపుకి వెళ్ళినప్పుడు, కాగితాలు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూ షాపాయన అన్నాడు.

"మీ పెద్దాయన పోయేరు కదండీ. మీకు కబురు రాలేదా?"

రాలేదన్నాను.

"ఎవరికీ చెప్పొద్దని ముందే అనేసేరటండి అమ్మగారితో. దినకార్యాలు కూడా అయిపోయేయి." కాస్త ఆగి, "ఈ షాపులో నన్ను తిట్టే మనిషి లేకుండా పోయేడండి," అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. నాకు ఏడుపు రాలేదు. కానీ ఆ కాగితాల చుట్ట పట్టుకుని కౌంటరు దగ్గర అలాగే నిలబడిపోయాను.

కోనసీమలో ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టిన మొదటి మనిషి ఆయనే. మద్రాసులో చదువుకుని వచ్చి అమలాపురంలో ఓ మేడ మీద ఆఫీసు తెరిచారు. జనానికి ఆ మాట నోరు తిరిగేది కాదు. ఇంజనీరు గారూ అని పిలిచేవారు. అలా పిలిస్తే ఆయన పలికేవారు కాదు. ఇల్లు కట్టించుకోవాలని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేవారు. "మొగుడూ, పెళ్ళాం, అత్తగారూ ముగ్గురూ మూడు చోట్ల వంటిల్లు పెట్టమంటారు. నా వల్ల కాదు. పదిమందీ వచ్చే చోటయితే చెప్పండి, కడతాను," అనేవారు. అలా రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల పంచాయతీ ఆఫీసులు, లైబ్రరీలు, బళ్ళు, ఆసుపత్రులు కట్టుకుంటూ వచ్చారు. పదిమందీ వచ్చే చోట్లే కట్టారు గానీ, ఆ పదిమందీ రావడం మాత్రం ఆయనకి గిట్టేది కాదు.

మాది ముక్తేశ్వరం. ఆడపిల్లనైనా ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, తొంభైల మొదట్లో ఆయన దగ్గర నక్షలు గీసే పనికి చేరాను. మొదటి రోజు నేను గీసిన కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"గీత వణుకుతోంది. జ్వరమా, పుట్టుకతోనే ఇంతా?"

జ్వరం లేదండి అన్నాను.

"అయితే మందు లేదు," అని బ్లేడుతో కాగితాన్ని నిలువునా కోసి, రెండు ముక్కలూ నా చేతికే ఇచ్చారు. పక్క బల్లల దగ్గర ఉన్నవాళ్ళు తల ఎత్తలేదు. వాళ్ళందరికీ ఆ బ్లేడు అలవాటే.

సన్నగా, నిటారుగా ఉండేవారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో స్టీలు స్కేలు. సైటుకి వెళ్తే వేలి కణుపులతో గోడని కొట్టి చెవి ఆనించి వినేవారు. అది ఎలా పలికితే ఆ రోజు ఆయన మాట అలా ఉండేది. కొత్తపేట దగ్గర ఓ పంచాయతీ ఆఫీసు కడుతున్నప్పుడు ఒక గోడ కాస్త వాలింది. కట్టిన మేస్త్రీ వయసు మళ్ళినవాడు, చూపు ఆనడం లేదు. అతని కొడుకూ కోడలూ అక్కడే ఇటుకలు మోస్తున్నారు. ఆయన పలుగు తెప్పించి ఆ ముసలాయన చేతికే ఇచ్చారు.

"నువ్వే పడగొట్టు. నీ వాళ్ళు చూస్తుండగా కొట్టు. ఇంకెక్కడా నీకు పని ఇప్పించమని అడక్కుండా ఉంటారు."

మేస్త్రీ "ఆయ్" అన్నాడు. కొట్టడం మొదలుపెట్టాడు. కొడుకు వచ్చి పలుగు అందుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. గోడ మొత్తం నేలకి దిగాక ముసలాయన పలుగు కడిగి, ఆయన కాళ్ళ ముందు పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ సైటులోనూ నాకు కనిపించలేదు.

ప్రారంభోత్సవాలకి వెళ్ళేవారు గానీ వేదిక ఎక్కేవారు కాదు. జనం మధ్య కాపలావాడిలా తిరిగేవారు. ఒక లైబ్రరీ తెరిచిన రోజు, కొత్త గోడ మీద కిళ్ళీ ఉమ్మిన రైతుని పట్టుకుని, అతని భుజం మీద ఉన్న పట్టు కండువాతోనే ఆ మరక తుడిపించారు. ఊరంతా చూస్తోంది. ఆ లైబ్రరీకి స్థలం ఇచ్చింది ఆ రైతేనని తర్వాత ఎవరో చెప్పారు. "స్థలం ఇచ్చేడు. గోడ ఇవ్వలేదు కదా," అన్నారు ఆయన.

"భవనానికి వాన శత్రువు కాదమ్మా. ఉప్పుగాలీ కాదు. మనిషి," అని మాటిమాటికీ అనేవారు. ఆయన భార్యని మేమందరం అమ్మగారు అని పిలిచేవాళ్ళం. వాళ్ళింట్లో గోడకి మేకు కొట్టడానికి వీల్లేదు. ఆవిడ దేవుడి పటాలని పీటల మీద ఆనించి పూజ చేసుకునేవారు. ఒకసారి నాకు మజ్జిగ ఇస్తూ, "ఆయనకి గోడలంటే ప్రేమ అనుకుంటారందరూ. ప్రేమ కాదమ్మా. మనుషులంటే కోపం. ఎందుకో నాకూ తెలీదు, అడిగే ధైర్యం కూడా పోయింది," అన్నారు.

ఇంత చెప్పి, ఆయన కట్టినవి బాగుండేవన్న సంగతి చెప్పకపోతే అన్యాయం. నడివేసవిలో ఆయన లైబ్రరీలో కూర్చుంటే పంకా అవసరం ఉండేది కాదు. ఎంత ఏటవాలు జల్లు కొట్టినా ఆయన వరండాలో నిలబడ్డవాళ్ళ కాళ్ళు తడిసేవి కాదు. ఆసుపత్రిలో పురుడు పోసుకున్న ఆడది మంచం మీంచి బయటి చెట్లని చూసేటట్టు కిటికీ ఎంత కిందకి ఉండాలో ఆయనకి తెలుసు. కాగితం మీద గీస్తున్నంతసేపూ మనుషుల గురించి అంత బాగా ఆలోచించిన వాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

ఆ మాట నేను ఎక్కువగా ఒక బడి గురించి అంటున్నాను. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఓ ఊరికి బడి మంజూరైంది. ఊరి పేరు చెప్పను. తుఫాను వచ్చినప్పుడు జనం తలదాచుకోడానికి కూడా పనికొచ్చేలా మేడ కట్టమన్నారు. ఆ ఊరి పేట పల్లంలో ఉంది. ఆయన పేటకి వెళ్ళి, వెనకటి ఉప్పెనల్లో నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో ముసలివాళ్ళని అడిగి, ఇళ్ళ గోడల మీద సుద్దముక్కతో గీతలు గీయించుకుని వచ్చారు. పై అంతస్తు ఆ గీతలకంటే బాగా ఎత్తులో పెట్టారు. మెట్లు బయటివైపు పెట్టించి, నేను గీసిన వెడల్పు చాలదని రెండుసార్లు కొట్టేశారు.

"ఒకడు వీపు మీద ముసలితల్లిని ఎక్కించుకుని, చంకలో పిల్లాడితో ఎక్కుతున్నాడనుకో. పక్కనుంచి ఇంకొకడు మిగిలినవాళ్ళ కోసం కిందకి దిగుతున్నాడు. ఇద్దరూ రాసుకోకూడదు. ఇప్పుడు గియ్యి."

గీశాను. అప్పుడు మాత్రం బ్లేడు తియ్యలేదు.

బడి తెరిచాక ఏడాదికి, ఎలా ఉందో చూడాలని నన్ను టేపు పట్టుకోమని తీసుకెళ్ళారు. డాబా మీద చేపలు ఎండబెట్టారు. మెట్ల మీద నలుగురు కూర్చుని పేకాడుతున్నారు. పై హాల్లో ఎవరిదో పెళ్ళివంట జరిగినట్టుంది, గచ్చు నల్లగా మాడిపోయింది. మెట్టు అంచు మీద కట్టెలు చీలిస్తే అది పెచ్చు ఊడింది. ఆయన ఆ పెచ్చుని వేలితో తడిమి చూసి, కిందకి దిగి, హెడ్మాస్టరు గారిని పిలిపించారు.

ఆ హెడ్మాస్టరు గారు మా ముక్తేశ్వరం మనిషి. మా చర్చిలో హార్మోనియం వాయించేవారు. చీమకి కూడా దారి ఇచ్చే రకం. చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"వచ్చే వారం మెట్లకి ఇనప తలుపు పెట్టిస్తున్నాను. బడి టైములో తప్ప తాళం తియ్యడానికి వీల్లేదు. తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. పేటలోవాళ్ళకి గానీ, ప్రెసిడెంటుకి గానీ ఇచ్చేవని తెలిస్తే నీ సంగతి చూస్తాను."

"ఆయ్," అన్నారు మేష్టారు. మెట్ల వైపు చూసి, "తుఫానొస్తే ఎలాగండీ?" అన్నారు.

"వస్తే నువ్వుంటావు కదా, తాళం తియ్యడానికి. జీతం ఎందుకు తీసుకుంటున్నావు?"

మేష్టారు మళ్ళీ "ఆయ్" అన్నారు. తలుపు పెద్దాయన మాట ప్రకారమే వచ్చింది. తాళం ఆయనే స్వయంగా రాజమండ్రిలో కొని పంపించారు.

తొంభై ఆరులో దీపావళికి ముందు వచ్చిన తుఫాను గురించి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజు మేష్టారు మీటింగుకని అమలాపురం వచ్చారు. సాయంత్రం గాలి లేచింది. రోడ్ల నిండా కొబ్బరిచెట్లు పడిపోయి బస్సులు ఆగిపోయాయి. మేష్టారు నడిచి వెళ్ళాలని బయలుదేరి, దారిలో ఎవరి పంచలోనో చిక్కుకుపోయారు. పేటలోకి నీళ్ళు వచ్చేసరికి జనం బడికి పరుగెత్తారు. మెట్లకి తాళం. గునపాలతో కొట్టారు, రాళ్ళతో కొట్టారు. తలుపు ఊడలేదు, తాళం రాలేదు. కింద వరండాలో, ఆ ఇనప కడ్డీలు పట్టుకుని, నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డారు. తెల్లారేసరికి అందులో ఓ ముసలాయన, ఇద్దరు పిల్లలు లేరు.

దారులు తెరిచాక ఆయన మొదట వెళ్ళింది ఆ ఊరికే. నన్ను కూడా రమ్మన్నారు. కాలవగట్టు పొడుగునా తలలు తెగిన కొబ్బరిచెట్లు. ఊళ్ళో నిలబడి ఉన్నది ఆ బడి ఒక్కటే. పేట జనమంతా దాని ముందు పొయ్యిలు పెట్టుకుని ఉన్నారు. ఆయన ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వెళ్ళి స్తంభాలు చూశారు. గోడని కొట్టి చెవి ఆనించి విన్నారు. చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు చూసి, అందరికీ వినిపించేటట్టుగానే అన్నారు.

"చూసేవా? వెంట్రుకవాసి పగులు లేదు."

మెట్ల మొదట్లో ఒకామె కూర్చుని ఉంది. పేరు కాంతమ్మ అని తర్వాత తెలిసింది. పోయిన ఇద్దరు పిల్లల్లో ఒకత్తె ఆమె కూతురు. ఆమె ఆయన వైపు చూసి, ఎంతో మర్యాదగా అంది.

"ఆయ్. బాగా కట్టేరండి. తాళం కూడా గట్టిదేనండి."

ఆయన అప్పుడు తలుపు వైపు చూశారు. తాళం ఇంకా అలాగే వేళ్ళాడుతోంది. దాని చుట్టూ ఇనుము మీద దెబ్బలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన వంగి, బొటనవేలితో ఒక్కొక్క దెబ్బనీ తడిమారు.

"ఎవరు కొట్టేరు?"

"మా మరిదండి. గునపంతో కొట్టేడు."

"గునపంతో రాదు. సమ్మెట ఉండాలి," అన్నారు.

కాంతమ్మ "ఆయ్" అంది. నాకు మాత్రం ఆ నేల విడిచి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. తిరుగు ప్రయాణంలో ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "అది మంచి తాళం," అని. గర్వంగా అన్నారో ఇంకెలా అన్నారో నాకు ఈనాటికీ తెలియదు.

విచారణ మండలాఫీసులో జరిగింది. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆ బడి నక్షలు నా చేత మోయించుకుని ఆయనే వెళ్ళారు. విచారణకి వచ్చిన ఆఫీసరు ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి బాబాయిగారూ. మీరెందుకండీ ఇంత దూరం. కుర్చీ వెయ్యండర్రా."

మేష్టారు గుమ్మం పక్కన గోడకి ఆనుకోకుండా నిలబడి ఉన్నారు. మేష్టారికి కుర్చీ వెయ్యమని ఎవరూ అనలేదు.

"కుర్చీ అక్కర్లేదు. రాసుకోండి," అన్నారు ఆయన. "మెట్లకి తలుపు పెట్టించింది నేను. తాళం వెయ్యమన్నది నేను. చెవి ఎవరికీ ఇవ్వొద్దన్నది నేను."

ఆఫీసరు చేతిలో కలం ఉంది. కదల్లేదు. "మీరు మనసు కష్టపెట్టుకున్నట్టున్నారండి. ఆ చుట్టుపక్కల నిలబడింది మీ బిల్డింగు ఒక్కటే కదండీ. పైవాళ్ళు కూడా ఎంతో మెచ్చుకున్నారు."

"బిల్డింగు సంగతి కాదు. తాళం సంగతి రాయండి."

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళదేనండి బాధ్యత. మీరన్నది సలహా కిందకి వస్తుంది గానీ ఆర్డరు కిందకి రాదు కదండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "నా మాట సలహా అని నీకెవరు చెప్పేరు?"

ముగ్గురు చచ్చిన సంగతి మాట్లాడుతూ, తన మాటని సలహా అన్నందుకు ఆయనకి కోపం వచ్చింది. నిజం చెప్పడానికి వచ్చిన మనిషి ఆ నిజంలో కూడా తన పెద్దరికం తగ్గకుండా చూసుకున్నారు. ఆఫీసరు నొచ్చుకోలేదు. "కాఫీ తీసుకోండి బాబాయిగారూ," అన్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గరినుంచి మేష్టారి గొంతు వినిపించింది. "అయ్యగారిది తప్పేం లేదండి. బడి నా చార్జిలో ఉందండి."

అది మాత్రం ఆఫీసరు రాసుకున్నాడు. మేష్టారిని సస్పెండు చేశారు.

తర్వాత ఒక ఆదివారం పెద్దాయన ముక్తేశ్వరంలో బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. "ఆ హెడ్మాస్టరు ఇల్లు చూపించు," అన్నారు. ఆయన క్షమాపణ చెప్పడానికి వచ్చారనే అనుకున్నాను. సంతోషించాను కూడా.

మేష్టారు కంగారుగా ఎదురొచ్చారు. "మీరెందుకండీ రావడం. కబురంపితే నేనే వద్దును కదండీ." అరుగు మీద దుప్పటి పరిచారు. లోపలికి చూసి కాఫీ పెట్టమన్నారు. మేష్టారి భార్య కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఆయన కూర్చోలేదు, గ్లాసు ముట్టుకోలేదు.

"నీకు బుద్ధుందా?" అన్నారు.

మేష్టారికి అర్థం కాలేదు.

"తుఫానొస్తే ఎలాగండీ అని నన్ను అడిగేవు. గుర్తుందా? అంటే నీకు తోచింది. తోచినవాడివి నేను కసిరితే ఊరుకోవడమేనా? నేను వెళ్ళిపోయేక ఇంకో చెవి చేయించి పేటలో పడేస్తే నాకెలా తెలుస్తుంది? నేనేవైనా రోజూ వచ్చి చూస్తానా?"

"మీరు వద్దన్నారు కదండీ," అన్నారు మేష్టారు.

"నేనంటాను. నాకు మనుషులంటే గిట్టదు, అది లోకమంతా తెలుసు. నీకు గిట్టుద్ది కదా. ఆ పిల్లలకి అ ఆలు దిద్దించేవు కదా. నాలాంటివాడి మాట వినడానికి నీకేం పట్టింది?"

మేష్టారు అలవాటు కొద్దీ "ఆయ్" అన్నారు. నేను విన్న ఆయ్‌లన్నిటిలోకీ అంత ఘోరమైనది ఇంకోటి లేదు.

మేష్టారి భార్య గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. ఆయన ముందున్న కాఫీ గ్లాసు తీసేసింది.

"మా ఆయన ఆ రోజు మీకు ఎదురు చెబితే ఏం చేద్దురండీ? ఈ వెధవకి పొగరని పైవాళ్ళకి చెప్పి ఎక్కడికో తోలేయించేద్దురు. మీకు వినే మనిషి కావాలి. విన్నాడు. ఇప్పుడు ఎందుకు విన్నావని అడగడానికి వచ్చేరా? ఇక దయచెయ్యండి."

ఆమె గొంతు కూడా పెంచలేదు. ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఆవిడ చెప్పింది సరిగ్గా ఉంది," అన్నారు. బస్సు కనిపించాక, "అయినా వాడు చవటే," అన్నారు.

మేష్టారికి ఉద్యోగం తిరిగి ఇచ్చారు, ఎక్కడో దూరంగా. ఆయన చేరారు గానీ పాత మనిషి కాదు. చర్చికి రావడం మానేశారు. ఆ ఊరివాళ్ళు ఎదురుపడితే మొహం మీదే తిడతారని రాజోలు వైపు బస్సు ఎక్కేవారు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి మంచం పట్టి పోయారు. ఆయన పెట్టెలోకి దిగేదాకా మా ఊళ్ళో కొందరు ఆయన్ని 'తాళం మేష్టారు' అనే పిలిచారు.

ఇక మా పెద్దాయన సంగతి. ఆ తుఫాను తర్వాత ఆయన గీసిన ఏ నక్షలోనూ మెట్లకి తలుపు లేదు. బడికీ, ఆసుపత్రికీ, పంచాయతీకీ, దేనికీ లేదు. "మెట్లకి తలుపు లేకపోతే ఎలాగండీ, కుక్కలు ఎక్కేస్తాయి," అనేవారు ఆఫీసర్లు. "ఎక్కనివ్వండి," అనేవారు. తలుపు గీసి తెమ్మని నక్ష తిప్పి పంపితే మళ్ళీ అదే నక్ష పంపించేవారు. మారిపోయారనుకోకండి. మా మీద బ్లేడు అలాగే నడిచింది, మేస్త్రీల మీద నోరు అలాగే లేచింది. పైగా, మనుషుల్ని లోపలికి రానిస్తున్నందుకు వాళ్ళ మీద ఇంకాస్త కసి పెరిగింది. మెల్లగా పనులు రావడం ఆగిపోయింది. కంప్యూటరు మీద ప్లాన్లు గీసే కుర్రాళ్ళు వచ్చారు, తలుపు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి ఇచ్చేవారు.

నేనూ ఆ పని నేర్చుకుని వేరేచోట కుదిరాను. వెళ్ళొస్తానండి అని చెబితే తల ఎత్తకుండానే అన్నారు. "వెళ్ళు. నీ గీత ఎప్పుడూ వణుకుతూనే ఉంది. మిషనుకి ఆ రోగం ఉండదు."

తర్వాత ఆయన్ని చూసింది ఒక్కసారే. కండువాతో గోడ తుడిపించిన ఆ లైబ్రరీని షాపుల కోసం పడగొడుతున్నారు. రోడ్డు అవతల గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. పనివాళ్ళు స్లాబు కింద దూరి స్తంభాన్ని కొట్టబోతుంటే గట్టిగా అరిచారు. "అది కొట్టేవంటే నీ నెత్తిన పడుద్ది. పైనుంచి రా, వెధవా." వాళ్ళు పైనుంచి వచ్చారు. ఆయన చెప్పిన వరసలోనే మొత్తం దింపేశారు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. చివరి గోడ పడేదాకా ఉండి, గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయారు. నేను పలకరించాను. చూసి కూడా చూడనట్టే వెళ్ళారు. ఆయన కట్టినవి ఇలా ఒక్కొక్కటే పోయాయి. కొన్ని రోడ్ల కింద, కొన్ని షాపుల కింద.

ఆయన పోయిన కొన్నాళ్ళకి, ఆ సముద్రం వైపు బడిలో కొత్త గది కట్టడానికి కొలతలు తెమ్మని మా ఆఫీసువాళ్ళు నన్ను పంపారు. బడి అలాగే ఉంది. మెట్ల దగ్గర ఇనప తలుపు ఎప్పుడో పీకేసినట్టున్నారు. వెనకవైపు షెడ్డులో కాంతమ్మ పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతోంది. జుట్టు తెల్లబడింది. నేను ఫలానా అని చెబితే గుర్తుపట్టలేదు గానీ, కూర్చోమని పీట వేసింది.

"ఈ బడి కట్టినాయన పోయేరు," అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి చేతులు జోడించింది. "పోయేరా? మహానుభావుడండి. ఎన్ని గాలివానలొచ్చినా ఇది కదల్లేదు. మొన్న వరదకి కూడా పేటంతా పైనే ఉన్నాం. పెళ్ళైనా చావైనా మాకు ఇదేనండి. ఆయనకి ఏ లోటూ లేకుండా జరిగిందాండీ?"

జరిగిందన్నాను.

"అదీ పుణ్యమంటే. ఆ మేష్టారు చూడండి, కుళ్ళి కుళ్ళి పోయేడంట. పోవద్దేటండీ మరి? నా పిల్ల ఆ కడ్డీలు పట్టుకుని అమ్మా అని అరుస్తా ఉంటే, చెవి జేబులో పెట్టుకుని ఊరి మీద తిరిగేడు. ఆడు పోయేడని తెలిసిన రోజు మా పేటలో ఒక్కళ్ళూ అయ్యో అన్లేదండి."

మేష్టారి హార్మోనియం, ఆయన భార్య ఆ గ్లాసు తీసెయ్యడం, ఆ గుమ్మం పక్కన ఆనుకోకుండా నిలబడ్డ మనిషి, అన్నీ గుర్తొచ్చాయి. చెప్పాలనిపించింది. చెప్పేశాను.

"కాంతమ్మా, తాళం వెయ్యమన్నది మేష్టారు కాదు. ఈ బడి కట్టినాయనే. చెవి ఎవరికీ ఇవ్వొద్దన్నదీ ఆయనే. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. విచారణలో కూడా ఆయనే ఒప్పుకున్నారు. వాళ్ళు రాసుకోలేదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు. అమాయకురాలిని చూసినట్టు చూసింది. అన్నం ఉడుకుతోంది. ఆమె లేచి మూత తీసి, ఒక మెతుకు నొక్కి చూసి, మళ్ళీ మూత పెట్టింది.

"మీరు మేష్టారి తాలూకా అయ్యుంటారు," అంది మెల్లగా. "మీ బాధ మీది లెండి. కానీ అమ్మా, కట్టినాయనే ఎక్కొద్దంటాడేటండీ, ఎక్కడైనా?"